సిలిండరు మీద రాసిన నిమిషాలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పది రోజుల కిందట కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నీ ఉద్యోగంలో నీకు బాగా తెలిసిన సంగతి ఒకటి చెప్పు. స్ఫూర్తి ప్రసంగం మాత్రం వద్దు, దానికి ఇప్పటికే నలుగురున్నారు" అన్నారు. ఆ మాట నాకు ఎంతో హాయిగా తోచింది. నేను మెకానికల్ ఇంజనీర్ని. దాదాపు ముప్పై ఏళ్లుగా రసాయన కర్మాగారాల్లో అగ్నిమాపక, భద్రతా విభాగాల్లో పనిచేస్తున్నాను. బాగా తెలిసిన సంగతి అంటే నాకు ఒక్కటే కనిపించింది. పొగలోకి వెళ్లే ఫైర్‌మన్ వీపున మోసే గాలి సిలిండరు, మొహానికి తగిలించుకునే మాస్కు. ఆ సరంజామా వేసుకుని కష్టపడి పనిచేసేటప్పుడు అతని ఊపిరికి ఏమవుతుంది అన్నది.

మా భాషలో దాన్ని బీఏ సెట్ అంటాం. ముందుగా ఒక అపోహ తీసేస్తాను. "ఆక్సిజన్ సిలిండర్లు ధరించి అగ్నిమాపక సిబ్బంది లోపలికి వెళ్లారు" అని పేపర్లో తరచూ చదువుతుంటాం. ఫైర్‌మన్ వీపు మీద ఉండేది చాలావరకు ఆక్సిజన్ కాదు, మనం ఇప్పుడు పీలుస్తున్న మామూలు గాలే. దాన్ని వడగట్టి, తేమ తీసేసి, 300 బార్ ఒత్తిడి దాకా కుక్కుతారు. సైకిల్ ట్యూబులో ఉండేది మూడు నాలుగు బార్‌లు అనుకుంటే, ఇది దానికి వందరెట్ల లెక్క. మంటల్లోకి వెళ్లే మనిషి చుట్టూ స్వచ్ఛమైన ఆక్సిజన్ లీకైతే ఏమవుతుందో ఇక్కడున్న పదో తరగతి పిల్లలే చెప్పగలరు.

లెక్క కూడా పదో తరగతి లెక్కే. 6 లీటర్ల సిలిండరులో 300 బార్‌ల గాలి ఉంటే, బయటికి వదిలితే 1800 లీటర్లవుతుంది. బాయిల్ నియమం. నిజానికి అంత ఒత్తిడి దగ్గర బాయిల్ గారి మాట పూర్తిగా చెల్లదు, ఒక పదోవంతు తక్కువే దక్కుతుంది. మన లెక్క సులువు కోసం 1800 అనే ఉంచుకుందాం. ఆ గాలి బరువే దాదాపు రెండు కేజీలు ఉంటుంది. గాలికి బరువుంటుందని మాస్టారు రెండు బెలూన్లు కట్టి చూపిస్తే అప్పట్లో మాకు సగమే నమ్మకం కలిగింది. సిలిండరు నింపక ముందు, నింపిన తర్వాత కాటా మీద పెట్టి చూశాక మిగతా సగం కుదిరింది.

ఇంత గాలి ఎంతసేపు వస్తుంది? తయారీదార్లు, నిబంధనలు రాసేవాళ్లు మామూలుగా నిమిషానికి 40 లీటర్లు అని పెట్టుకుంటారు. 1800ని 40తో భాగిస్తే 45 నిమిషాలు. అందుకే అలాంటి దాన్ని 45 నిమిషాల సెట్ అంటారు. కొన్నప్పుడు బిల్లులో అలాగే ఉంటుంది, స్టోర్స్ రిజిస్టర్లో అలాగే ఎక్కుతుంది, గోడ మీద బోర్డులో అలాగే రాస్తారు. చివరికి మనుషుల బుర్రల్లో కూడా అలాగే పడిపోతుంది. ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ 45 గురించే. అది సిలిండరు గుణం కాదు. దాన్ని మోసే మనిషి గుణం, ఆ రోజు అతను చేస్తున్న పని గుణం.

మీరిప్పుడు కుర్చీల్లో కూర్చుని నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్ల గాలి పీలుస్తున్నారు. నా ప్రసంగానికి నిద్రపోతే ఇంకాస్త తగ్గుతుంది. వేగంగా నడిస్తే 30, 40 అవుతుంది. వీపు మీద బరువు, ఒంటి మీద మందపాటి సూటు, చేతిలో నీళ్లు నిండిన హోస్‌తో మూడంతస్తుల మెట్లెక్కితే 80 దాటవచ్చు, 100 కావచ్చు. 80 లీటర్లయితే 45 నిమిషాల సెట్ ఇరవై రెండు నిమిషాల సెట్ అయిపోయింది. అందులోనూ అంతా వాడుకోవడానికి లేదు. ఒత్తిడి 50 బార్‌ల దరిదాపులకు పడగానే విజిల్ మోగుతుంది, ఆ తర్వాత మిగిలింది ఆపద కోసం దాచిన గాలి. ఆరు యాభైలు మూడు వందల లీటర్లు. ప్రశాంతంగా ఉన్నవాడికి అది ఏడు నిమిషాల పైన. రొప్పుతున్నవాడికి నాలుగు నిమిషాలు కూడా రాదు.

ఇదంతా నాకు కాగితం మీద ఎప్పుడో తెలుసు. ఇది ఒక మనిషి ఉద్యోగం దాకా వస్తుందని తెలిసింది చాలా ఏళ్ల కిందట, నేను అప్పుడు పనిచేస్తున్న ఒక కర్మాగారంలో. పేరు అనవసరం. ద్రావకాల డ్రమ్ములు నిలవచేసే గోడౌన్లో మంట పుట్టింది. లోపల ఎవరైనా మిగిలారేమో చూడ్డానికి ఇద్దరు ఫైర్‌మన్లు సెట్లు వేసుకుని వెళ్లారు. ఒకాయనకి యాభై దాటాయి, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. రెండోవాడు ఇరవై ఆరేళ్ల కుర్రాడు, జిల్లా జట్టులో కబడ్డీ ఆడినవాడు, ఛాతీ తలుపంత. ఇద్దరి సిలిండర్లూ 300 బార్‌లే. పదిహేను నిమిషాలకి బయటికి వచ్చారు. లోపల ఎవరూ లేరు, అదొక అదృష్టం. పెద్దాయన గేజిలో ఇంకా 140 బార్‌లున్నాయి. కుర్రాడి విజిల్ మోగుతోంది, గేజి 50 దగ్గరుంది, మాస్కు మొహం మీద లేదు. తలుపుకి ఇంకా కొన్ని గజాల దూరంలో, పొగలోనే, మాస్కు లాగేశాడు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చింది.

మీరు కూడా లెక్క వేయండి. కుర్రాడు 250 బార్‌లు, అంటే 1500 లీటర్లు, నిమిషానికి 100. పెద్దాయన 960 లీటర్లు, నిమిషానికి 64. ఇద్దరూ చేసింది ఒకే పని.

విచారణలో కుర్రాడిని అడిగింది ఒకటే ప్రశ్న. "సిలిండరులో గాలి ఉండగా మాస్కు ఎందుకు తీశావు?" అతను చెప్పింది ఒకటే జవాబు. "ఊపిరాడలేదు సార్." సెట్‌ని పరీక్షకి పంపారు. రీడింగులన్నీ సరిగ్గా ఉన్నాయని వచ్చింది. ఇక మిగిలింది ఏమిటి? యంత్రం అబద్ధం చెప్పలేదు కాబట్టి మనిషి చెబుతున్నాడని తేల్చి, నిర్లక్ష్యం కింద ఛార్జి మెమో తయారుచేశారు. ప్రొబేషన్లో ఉన్నవాడు. మెమో ఖాయమైతే ఇంటికే. దాని మీద సాంకేతిక అభిప్రాయం రాయమని ఫైలు నా బల్ల మీదికి వచ్చింది.

ఇక్కడ కాస్త మన బడి పాఠాల్లోకి వెళ్లాలి. సున్నపుతేటలోకి గొట్టంతో ఊదితే పాలలా తెల్లబడటం మనందరం చూశాం. మనం వదిలే గాలిలో సుమారు 4 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. ఆక్సిజన్ 21 శాతం లోపలికి వెళ్లి 16, 17 శాతంగా బయటికి వస్తుంది. అంటే అంత కష్టపడి మోసుకెళ్లిన గాలిలోని ఆక్సిజన్‌లో ముప్పాతిక భాగం వాడకుండానే బయటికి పోతోంది. అయితే మన మెదడుకి "ఇంకా గట్టిగా పీల్చు" అని మామూలుగా హుకుం జారీచేసేది ఆక్సిజన్ తక్కువవడం కాదు, కార్బన్ డయాక్సైడ్ పెరగడం. 1905లో ఇంగ్లండులో హాల్డేన్, ప్రీస్ట్‌లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని రుజువు చేశారు. ముక్కు మూసుకుని ఊపిరి బిగబట్టండి. ముప్పై, నలభై సెకన్లకి ఇక తట్టుకోలేననిపిస్తుంది. అప్పటికి రక్తంలో ఆక్సిజన్‌కి పెద్ద లోటేమీ ఉండదు. లోపలున్నది బయటికి పోవడం లేదన్నదే గోల.

"ఊపిరాడటం లేదు" అన్న మాటలో రెండు సంగతులు కలిసిపోయి ఉంటాయన్నమాట. రావలసింది రాకపోవడం ఒకటి, పోవలసింది పోకపోవడం రెండోది. సిలిండరు గేజి మొదటిదాని గురించే చెబుతుంది. రెండోదాని గురించి ఏ గేజీ చెప్పదు.

ఇప్పుడు మాస్కు దగ్గరికి వద్దాం. కరోనా రోజుల్లో ఎన్-95 కట్టుకుని మెట్లెక్కాం కదా. అప్పుడు కష్టమనిపించింది పీల్చుకోవడం. ఫైర్‌మన్ మాస్కులో వ్యవహారం దాదాపు తిరగబడి ఉంటుంది. సిలిండరులోని 300 బార్‌ల ఒత్తిడిని మొదట ఒక రెడ్యూసరు ఏడెనిమిది బార్‌లకు దించుతుంది. అక్కడి నుంచి ఒక గొట్టం మాస్కు దాకా వస్తుంది. మాస్కుకి ఉన్న డిమాండ్ వాల్వు, మనం పీల్చినప్పుడల్లా తెరుచుకుని గాలి ఇస్తుంది. పైగా మాస్కు లోపల ఎప్పుడూ బయటి కంటే రవ్వంత ఎక్కువ ఒత్తిడి ఉండేలా చేస్తారు. ఎందుకంటే, మాస్కు అంచున ఎక్కడైనా సందు ఉంటే లోపలి గాలి బయటికి పోవాలి తప్ప బయటి పొగ లోపలికి రాకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. కాబట్టి ఈ ఏర్పాటు ప్రాణాలు కాపాడే ఏర్పాటు. నేను దాన్ని తప్పు పట్టడం లేదు.

కానీ దానికి ఖరీదు ఉంది. లోపల ఎక్కువ ఒత్తిడి ఉన్నప్పుడు, గాలి వదిలే వాల్వు స్ప్రింగు అంతకంటే గట్టిగా ఉండాలి, లేకపోతే సిలిండరులోని గాలంతా ఊరికే బయటికి కారిపోతుంది. అంటే మనిషి ప్రతిసారీ ఆ స్ప్రింగుని తోసుకుని ఊపిరి వదలాలి. ఎంత ఒత్తిడి? ఒక గ్లాసు నీళ్లలో స్ట్రాని ఐదు సెంటీమీటర్లు ముంచి బుడగలు ఊదండి. సుమారుగా అంతే. "ఓస్ ఇంతేనా" అనిపిస్తుంది. కుర్చీలో కూర్చున్నవాడికి ఇంతే. ఊపిరి వదలడానికి మామూలుగా మనం ఏ శ్రమా పడం. సాగిన రబ్బరు వెనక్కి వచ్చినట్టు ఊపిరితిత్తులు వాటంతటవే ముడుచుకుంటాయి. ఇప్పుడు అదే స్ట్రా నోట్లో పెట్టుకుని, పాతిక కేజీల బియ్యం బస్తా భుజాన వేసుకుని, నిమిషానికి నలభై సార్లు ఊదుతూ మెట్లెక్కాలని ఊహించండి. గాలి వేగం పెరిగేకొద్దీ వాల్వు అడ్డు కూడా పెరుగుతుంది. పొట్ట కండరాలు బలవంతంగా పనిలోకి దిగుతాయి. పూర్తిగా వదిలే లోపే మళ్లీ పీల్చుకోవాల్సిన టైము వచ్చేస్తుంది. కొంత పాత గాలి లోపలే ఉండిపోతుంది, దాని మీద కొత్తది ఎక్కించాలి. సగం నిండిన బిందెలో నీళ్లు పోస్తున్నట్టు. పీల్చడమూ కష్టమవుతుంది, ఎందుకంటే అప్పటికే ఉబ్బి ఉన్న ఛాతీని ఇంకా ఉబ్బించాలి.

ఇది నా ఊహ కాదు. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో పరిశోధకులు 2000 తర్వాత ఏళ్ల తరబడి దీన్ని కొలిచారు. సెట్ వేసుకుని ట్రెడ్‌మిల్ మీద శక్తి ఉన్నంతవరకూ శ్రమిస్తే, మనిషి గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ సుమారు ఆరోవంతు తగ్గిపోతోందని చూశారు. శ్రమ పెరిగేకొద్దీ ఊపిరి వదలడానికి పడే పాటు బాగా పెరుగుతోందనీ, అందులో మాస్కు రెగ్యులేటరు పాత్రే పెద్దదనీ తేల్చారు. మామూలు గాలికి బదులు హీలియం కలిపిన పల్చని వాయువు ఇస్తే ఊపిరి తేలికపడింది. పల్చని వాయువు ఇరుకు దారుల్లో సులువుగా పారుతుంది కాబట్టి, ఇబ్బంది దారిలోనే ఉందని అది సాక్ష్యం. ఒకవైపు బరువు వల్ల అదే పనికి ఎక్కువ ఆక్సిజన్ కావాలి, మరోవైపు తీసుకోగల గరిష్ఠం తగ్గుతోంది. జీతం కోసేసి ఇంటద్దె పెంచినట్టు. పైన ఎండ, సూటు లోపల ఆరని చెమట. మూలిగే నక్క మీద తాటికాయ.

మరో చిన్న సంగతి ఉంది, దానికి మన కాలవ గుర్తొస్తుంది. బొప్పాయి ఆకు కాడ నోట్లో పెట్టుకుని నీళ్లలో మునిగి ఊపిరి పీల్చేవాళ్లం. ఒక కాడకి ఇంకో కాడ తగిలించి ఇంకా లోతుకు పోవాలని చూస్తే ఊపిరాడేది కాదు. నీటి ఒత్తిడి ఛాతీని నొక్కడం ఒక కారణం. రెండోది, వదిలిన గాలి ఆ పొడుగు కాడలోనే ఉండిపోయి మళ్లీ అదే లోపలికి రావడం. మనిషి గొంతు, శ్వాసనాళంలోనే ఇలా వృథాగా తిరిగే గాలి 150 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. మాస్కు దానికి ఇంకొంత కలుపుతుంది. అందుకే పెద్ద మాస్కు లోపల ముక్కు, నోటికి మాత్రమే సరిపోయే చిన్న మాస్కు ఒకటి పెడతారు. అది సరిగ్గా కుదిరితే తిరిగివచ్చే కార్బన్ డయాక్సైడ్ ఒక శాతం లోపే ఉంటుంది. చాలామంది దాన్ని అద్దం మీద ఆవిరి పట్టకుండా పెట్టారనుకుంటారు. ఆ ఉపయోగమూ ఉంది గానీ, అసలు పని ఇది.

ఆ 150 మిల్లీలీటర్లే మా కుర్రాడి విషయంలో కథంతా నడిపాయి. నిమిషానికి 40 లీటర్లు పీల్చాలంటే రెండు దారులు. ఒక లీటరు చొప్పున నలభై సార్లు, లేదా రెండు లీటర్ల చొప్పున ఇరవై సార్లు. సిలిండరుకి రెండూ ఒకటే. కానీ మొదటి దారిలో నలభై నూటయాభైలు, అంటే 6 లీటర్లు వృథా. రెండో దారిలో 3 లీటర్లే. వేగంగా రొప్పేవాడు ఎక్కువ గాలి ఖర్చుపెట్టి తక్కువ కార్బన్ డయాక్సైడ్ బయటికి పంపుతాడు. అది పేరుకుంటుంది, మెదడు ఇంకా వేగంగా పీల్చమంటుంది, వేగం పెరిగితే వాల్వు ఇంకా అడ్డుపడుతుంది. ఒక దశలో మనిషికి మొహం మీదున్నదే తన పీక నొక్కుతున్నట్టు అనిపిస్తుంది. మాస్కు పీకేస్తాడు. చుట్టూ పొగ ఉందన్న జ్ఞానం ఆ క్షణంలో పనిచేయదు.

ఫైలు మీద ఇవన్నీ రాస్తే ఎవరూ చదవరని నాకు తెలుసు. అందుకని ఇద్దరినీ ట్రైనింగ్ యార్డుకి పిలిచాను. డాక్టరు గారిని కూర్చోబెట్టుకుని, అదే సెట్లతో, పొగ లేకుండా, హోస్ లాగుతూ మూడంతస్తుల ఇనుప మెట్లు ఎక్కి దిగమన్నాను. ఒకసారి సెట్ వీపున మోస్తూ మాస్కు లేకుండా, విశ్రాంతి తర్వాత ఇంకోసారి మాస్కుతో. నిమిషానికోసారి గేజి చూసి పలక మీద రాశాం. మాస్కు లేనప్పుడు కుర్రాడు పెద్దాయన కంటే ముందే దిగి నవ్వుతూ నిలబడ్డాడు. మాస్కుతో నాలుగో రౌండుకి నిమిషానికి యాభైకి పైగా ఊపిరులు. పెద్దాయన ముప్పై దాటలేదు. ఆయన మెట్టు మెట్టుకీ ఆగి ఆగి, "ఫూ" అని పొడుగ్గా వదిలి, అప్పుడు అడుగేస్తాడు. ఎవరు నేర్పారని అడిగితే, "ఎవరూ నేర్పలేదండీ, ముసలాణ్ని కదా, ఆయాసం వస్తుందని భయం" అన్నాడు.

ఇంకొకటి కూడా ఆ రోజే కనిపించింది. కుర్రాడు భుజాల పట్టీలు బిగించి లాగాడు, నడుం బెల్టు వదులుగా వదిలేశాడు. బరువంతా భుజాల మీద వేలాడి ఛాతీని పైకి లేవనివ్వడం లేదు. పెద్దాయన ముందు నడుం బెల్టు బిగించి, తర్వాత భుజాల పట్టీలు కాస్త సడలించాడు. బరువు తుంటి మీదికి దిగింది. ఇది ఏ మాన్యువల్‌లోనైనా మొదటి పేజీలోనే ఉంటుంది. చదివించేవాళ్లు ఉండాలి.

ఆ పలక మీది అంకెల్నే నా అభిప్రాయంగా జతచేశాను. మూడు నెలలు పట్టింది. ఒక అధికారి "ఇది డాక్టర్లు చెప్పాల్సిన విషయం, ఇంజనీరుకెందుకు" అని కూడా రాశారు. యంత్రం ఎక్కడ ముగుస్తుందో, మనిషి ఎక్కడ మొదలవుతాడో గీత గీసి చూపిస్తే నేను గీతకి ఇటువైపే ఉంటానని జవాబిచ్చాను. చివరికి మెమో వెనక్కి తీసుకున్నారు. కుర్రాడి ఉద్యోగం నిలిచింది.

అలాంటి వాటికి మెమోలు కాక ఏం చేయాలో లోకానికి ఎప్పుడో తెలుసు. 1958 జనవరిలో లండన్‌లోని స్మిత్‌ఫీల్డ్ మాంసం మార్కెట్లో పెద్ద అగ్ని ప్రమాదం జరిగింది. నేలమాళిగలో దారులన్నీ చిక్కుముడి. శ్వాస పరికరాలతో దిగిన ఇద్దరు ఫైర్‌మన్లు వాటిలోని సరఫరా అయిపోయి చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ కంట్రోల్ బోర్డు పద్ధతి గట్టిపడింది. లోపలికి వెళ్లే ప్రతి ఒక్కరి బిళ్ల బయట బోర్డుకి తగిలిస్తారు. పేరు, ఒత్తిడి, వెళ్లిన టైము, విజిల్ మోగాల్సిన టైము రాస్తారు. ఒక మనిషి పనే ఆ బోర్డు దగ్గర నిలబడి గడియారం చూడటం. జర్మనీ నియమం ఇంకా ముచ్చటగా ఉంటుంది. లోపలికి వెళ్లడానికి ఎంత గాలి పట్టిందో, తిరిగి రావడానికి దానికి రెండింతలు ఉంచుకోవాలి. వెళ్లేటప్పుడు 60 బార్‌లు అయితే, 120 మిగిలి ఉండగానే వెనక్కి తిరగాలి. వచ్చేటప్పుడు అలసిపోయి ఉంటాం, దారి తప్పవచ్చు, ఎవరినైనా మోసుకురావచ్చు.

మేము మా బోర్డు మీద ఒక గడి అదనంగా గీసుకున్నాం. ప్రతి ఫైర్‌మన్ పేరు ఎదురుగా, యార్డులో మెట్ల పరీక్షలో అతనికి నిమిషానికి ఎన్ని లీటర్లు పట్టిందో ఆ అంకె. ఆరు నెలలకోసారి మళ్లీ కొలుస్తాం. మొదట్లో దీన్ని అవమానంగా తీసుకున్నారు, ఎవరికి తక్కువ ఎవరికి ఎక్కువ అని పందేలు కూడా కాశారు. అంకె తక్కువ వస్తే గొప్ప కాదు, ఎక్కువ వస్తే తప్పు కాదు, పెద్ద ఒళ్లున్నవాడికి పెద్ద ఊపిరి కావాలి అని చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. ఇద్దర్ని జంటగా పంపితే ఎక్కువ అంకె ఉన్నవాడి లెక్కతోనే ఇద్దరూ తిరిగి రావాలి. అంతే దాని ప్రయోజనం.

ఊపిరి వదలడం నేర్పడం మీద ఇప్పుడు చాలాచోట్ల దృష్టి పెడుతున్నారు. అమెరికాలో కొన్ని చోట్ల, ఆపదలో గాలి తక్కువున్నప్పుడు సన్నగా హమ్ చేస్తూ వదలమని నేర్పుతారు. మా యార్డులో చెబితే ఒకాయన "ఇది మన భ్రామరి ప్రాణాయామం కదండీ" అన్నాడు. పోలిక ఉంది, కాదనను. కానీ యోగా తరగతిలో చాప మీద కూర్చుని వచ్చిన విద్య, హోస్ భుజాన వేసుకున్నప్పుడు దానంతటది రాదు. మాస్కుతోనే, బరువుతోనే, చెమటలోనే నేర్చుకోవాలి.

బరువు తగ్గించే పని మాత్రం ఇంజనీర్లు బాగానే చేశారని గర్వంగా చెబుతాను. 1970లలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, రాకెట్ మోటార్ల తొడుగులకు వాడే పీచు చుట్టే పద్ధతితో సిలిండర్లు తయారుచేయించి, న్యూయార్క్, హ్యూస్టన్, లాస్ ఏంజిలిస్ ఫైర్‌మన్లతో వాడించి చూసింది. సెట్ బరువు సుమారు మూడోవంతు తగ్గింది. ఇవాళ కార్బన్ పీచు సిలిండరుతో ఉన్న సెట్ పది, పదకొండు కేజీలు. పాత ఉక్కు సిలిండరుదైతే పదిహేను పైమాటే. మోకాళ్లకి ఆ తేడా తెలుస్తుంది.

మన బ్యాచ్ మిత్రుడొకరు సింగరేణిలో గని రక్షక దళంలో శిక్షణ పొందినవాడు, ఇక్కడే ఉన్నాడు. వాళ్లది వేరే లోకం. గనిలో గంటల తరబడి ఉండాలి కాబట్టి వదిలిన గాలినే సోడాలైము గుండా పంపి, కార్బన్ డయాక్సైడ్ తీసేసి, కొద్దిగా ఆక్సిజన్ కలిపి మళ్లీ పీలుస్తారు. మన సున్నపుతేటకి పెద్దన్నలాంటిది ఆ సోడాలైము. ఆ చర్యలో వేడి పుడుతుంది కాబట్టి గాలి వెచ్చగా వస్తుంది. దాన్ని చల్లబరచడానికి సెట్లో మంచుగడ్డ పెట్టుకుంటారు. మా వాళ్లకి గొంతు ఎండిపోయే పొడి గాలి, వాళ్లకి ఉడుకు గాలి. ఎవరి కష్టం వాళ్లది.

ఇంకో మాట చెప్పకపోతే మా షిఫ్టు ఇన్‌ఛార్జి ఊరుకోడు. గడ్డం ఉంటే మాస్కు అంచు చర్మానికి అతుక్కోదు, గాలి కారిపోతుంది. కార్తీకం వచ్చేసరికి మా దగ్గర సగం మంది అయ్యప్ప దీక్షలో ఉంటారు. దీక్ష మానమని ఎవరూ అనలేరు, అనకూడదు కూడా. ఆ 41 రోజులు వాళ్లకి పంపు దగ్గర, బండి దగ్గర, కంట్రోల్ బోర్డు దగ్గర డ్యూటీ వేస్తాం. బోర్డు దగ్గర గడియారం చూసే పని వాళ్లంత నిష్ఠగా ఎవరూ చేయరని నా అనుభవం.

ఆ కుర్రాడి సంగతి అడుగుతారని తెలుసు. ఇప్పుడు కుర్రాడు కాదు, ఇద్దరు పిల్లల తండ్రి. ట్రైనింగ్ యార్డు అతని చేతిలోనే ఉంది. కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజు సెట్ ఇవ్వడు. స్ట్రా, గ్లాసు నీళ్లు ఇచ్చి మెట్లెక్కమంటాడు. పెద్దాయన రిటైరై సొంతూళ్లో కొబ్బరితోట చూసుకుంటున్నాడు. అతని మెట్ల అంకె ఆఖరిసారి కొలిచినప్పుడు 58.

శిక్షణకు వాడే సెట్ ఒకటి అనుమతి తీసుకుని నాతో తెచ్చాను, ఆ బల్ల మీద ఉంది. టీ విరామంలో ఎవరికైనా సరదా ఉంటే వేసుకుని మన కొత్త భవనం మెట్లు రెండుసార్లు ఎక్కి దిగవచ్చు. బీపీ ఉన్నవాళ్లు, గుండెకి స్టెంటు వేయించుకున్నవాళ్లు దయచేసి వద్దు. మా బ్యాచ్‌లో అలాంటివాళ్లు కనీసం నలుగురున్నారు, వాళ్ల పేర్లు నా దగ్గరున్నాయి. నడుం బెల్టు ముందు బిగించండి. పదో తరగతి పిల్లలు ఇద్దరు గేజి చూసి, అర నిమిషానికోసారి రీడింగు నల్లబల్ల మీద రాయండి. సిలిండరు 6 లీటర్లది. ఎవరికి నిమిషానికి ఎన్ని లీటర్లు పట్టిందో మిగతావాళ్లు లెక్క కట్టండి. లెక్కల మాస్టారు ముందు వరసలోనే కూర్చున్నారు, దిద్దుతారు.